ఆస్పర్గర్ అనే పేరు ఎక్కడిది? బస్సులో చదువుకున్న ఒక చరిత్ర

ఎపిసోడ్‌లో టైం చాలక గబగబా చెప్పేసిన సంగతి ఇది. పేర్లూ సంవత్సరాలూ సరిగ్గా రాసి పెట్టమని కొంతమంది అడిగారు, రాస్తున్నాను. ఎపిసోడ్‌లో లాగే ఇక్కడా నా పేరు వెయ్యొద్దని అడిగాను. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను అబుదాబిలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ని. కాకినాడలో ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్. వయసు 44. కిందటేడు మా అబ్బాయిని పరీక్షకి తీసుకెళ్ళాం. వాడి గురించి అడిగిన ప్రశ్నలకి నేను చెప్పే జవాబులు విని ఆ డాక్టరమ్మ, "మీరు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదేమో" అన్నారు. మూడు సిట్టింగులయ్యాక చేతికొచ్చిన కాగితంలో "ఆటిజం స్పెక్ట్రం డిజార్డర్, లెవెల్ 1" అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో "పాత పేరు ఆస్పర్గర్స్ సిండ్రోం".

సైటులో డ్రాయింగుకి కొత్త రివిజన్ వస్తే పాతదాని మీద "సూపర్‌సీడెడ్" అని స్టాంపు కొడతాం. పాతది పారెయ్యం, ఫైల్లో ఉంచుతాం. ఎందుకు మారిందని రేపు ఎవరో ఒకరు అడుగుతారు కదా. ఈ పాత పేరు ఎందుకు మారిందో తెలిస్తే గానీ కొత్తది నాకు ఎక్కేలా లేదు. తెలుగులో నాకు దొరికినవన్నీ చిన్నపిల్లల గురించి, తల్లులకి సలహాలు. అరవై మంది పనివాళ్ళని నడిపే మనిషికి పనికొచ్చేది ఒక్కటీ తగల్లేదు. సరే అని ఇంగ్లీషులోకి దిగాను. క్యాంపు నుంచి సైటుకి బస్సులో రానూ పోనూ రెండు గంటలు, ఫోన్లో డిక్షనరీ. నా చదువంతా అక్కడే.

హాన్స్ ఆస్పర్గర్ అనే ఆయన వియన్నాలో పిల్లల డాక్టరు. 1906లో పుట్టాడు. 1944లో జర్మన్ భాషలో ఒక పెద్ద వ్యాసం అచ్చయింది. అందులో నలుగురు మగపిల్లల గురించి వివరంగా రాశాడు. పెద్దవాళ్ళలా మాట్లాడతారు, ఒక విషయం పట్టుకుంటే వదలరు, తోటి పిల్లలతో కలవలేరు, ఆటల్లో చేతులూ కాళ్ళూ సరిగ్గా ఆడవు. ఇలాంటివాళ్ళు పెద్దయ్యాక తమకి నప్పిన పనిలో బాగా రాణించగలరని కూడా రాశాడు. తను చూసిన ఒక పిల్లాడు ఖగోళ శాస్త్రంలో పెద్ద ఉద్యోగం దాకా వెళ్ళాడని ఉదాహరణ చెప్పాడు. ఆ ముక్క దగ్గర కాసేపు ఆగిపోయాను. వ్యాసం పేరు మాత్రం నాకు గుండె దడ పుట్టించింది. "ఆటిస్టిక్ సైకోపాత్‌లు" అని ఉంది అందులో. ఇప్పుడు సినిమాల్లో వాడే అర్థం కాదట, ఆ రోజుల్లో జర్మన్ డాక్టర్లు స్వభావంలో తేడాని ఆ మాటతో చెప్పేవాళ్ళు.

దానికి ఒక ఏడాది ముందు, 1943లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి ఇంగ్లీషులో రాశాడు. ప్రపంచమంతా చదివింది దాన్నే. తర్వాత చాలా ఏళ్ళు ఆటిజం అంటే కానర్ చెప్పిన రకం పిల్లలే, మాట చాలా తక్కువ, తమ లోకంలో తాముండేవాళ్ళు. బడికెళ్ళి ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాడిని ఆటిజం అని ఎవరనుకుంటారు?

1981, నేను పుట్టిన సంవత్సరం. లండన్‌లో లోర్నా వింగ్ అనే సైకియాట్రిస్టు ఒక వ్యాసం రాసింది. ఆమెకి ఆటిజం ఉన్న కూతురు ఉంది. 1962లో బ్రిటన్‌లో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సంఘం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. డాక్టరూ ఆమే, ఇంట్లో తల్లీ ఆమే. 1970ల్లో జుడిత్ గౌల్డ్ అనే సహచరురాలితో కలిసి లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో పిల్లల్ని పరిశీలిస్తే, కానర్ గీసిన గీతలో సరిగ్గా ఇమడని పిల్లలు ఎంతోమంది కనపడ్డారు. గీత బయట ఉన్నారు కాబట్టి వాళ్ళకి బడిలో సాయం లేదు, ఏమీ లేదు. 1981 వ్యాసంలో ఆమె ఆస్పర్గర్ పాత రాతని బయటికి తీసి, తను చూసిన 34 మంది గురించి చెప్పింది. వాళ్ళ వయసు 5 నుంచి 35 దాకా.

35 అన్న అంకె నాకు ముఖ్యం. ఈ లెక్కలోకి పెద్దవాళ్ళు కూడా వస్తారని ఒక డాక్టరు రాసినట్టు నేను చదివింది అదే మొదలు. "సైకోపాతీ" అనే మాట జనం తప్పుగా అర్థం చేసుకుంటారని ఆమె దాన్ని పక్కన పెట్టి "ఆస్పర్గర్స్ సిండ్రోం" అనే పేరు ఎంచుకుంది. గొడవ లేని పేరు కావాలని, పేషెంట్లకి నొప్పి తగలకూడదని. ఆస్పర్గర్ అప్పటికే లేడు, 1980 అక్టోబరులో పోయాడు.

1991లో ఉటా ఫ్రిత్ ఆ జర్మన్ వ్యాసాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. తర్వాత ఈ పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోకీ, 1994లో అమెరికా సైకియాట్రీ పుస్తకం నాలుగో ఎడిషన్‌లోకీ ఎక్కింది. 2013లో అయిదో ఎడిషన్ దాన్ని తీసేసి అన్నిటినీ "ఆటిజం స్పెక్ట్రం" కిందకి తెచ్చింది. తీసెయ్యడానికి కారణం ఆ డాక్టరు చరిత్ర కాదు. ఆస్పర్గర్స్‌కీ మిగతా ఆటిజానికీ మధ్య గీత ఎక్కడుందో ఒక్కో డాక్టరు ఒక్కో చోట చెప్తున్నారు, అదీ కారణం.

చరిత్ర బయటపడింది ఆ తర్వాత. 2018లో హెర్విగ్ చెక్ అనే ఆస్ట్రియా చరిత్రకారుడు పాత ఫైళ్ళన్నీ తవ్వి ఒక వ్యాసం రాశాడు. అదే ఏడాది ఎడిత్ షెఫర్ అనే ఆమె పుస్తకం వచ్చింది. హిట్లర్ కాలంలో వియన్నాలో "ఆమ్ స్పీగెల్‌గ్రుండ్" అని ఒక పిల్లల ఆస్పత్రి ఉండేది. బాగుపడరని తేల్చిన పిల్లల్ని అక్కడ మందులిచ్చి, పస్తులుంచి చంపేవాళ్ళు. దాదాపు 800 మంది పిల్లలు అక్కడ పోయారు. ఆస్పర్గర్ నాజీ పార్టీలో చేరలేదు. కానీ అక్కడికి పంపమని సంతకం పెట్టిన కాగితాలు ఉన్నాయి. హెర్టా అని ఒక పాప, మెదడు వాపు వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. 1941 జూన్‌లో ఆయన రాసిచ్చాడు, ఇంట్లో తల్లికి భారం, శాశ్వతంగా స్పీగెల్‌గ్రుండ్‌లో పెట్టాలి అని. సెప్టెంబరులో, మూడో పుట్టినరోజు అయిన మర్నాడు ఆ పాప చనిపోయింది.

పంపిన చోట ఏం జరుగుతోందో ఆయనకి ఎంతవరకు తెలుసు అని పండితులు వాదించుకుంటున్నారు. నాకు ఆ వాదన కంటే ఇంకోటి తడుతుంది. సూపర్‌వైజరుగా రోజుకి ఇరవై సంతకాలు పెడతాను. సంతకం పెట్టిన ప్రతి కాగితం వెనక ఏం పోస్తున్నారో, ఏం కడుతున్నారో చూడాల్సిన బాధ్యత నాదే. మెచ్చుకున్న పిల్లల్ని ఒక పక్క, మాట రాని పిల్లల్ని ఇంకో పక్క పెట్టిన మనిషి ఆయన.

మా అబ్బాయికి 11 ఏళ్ళు. కాగితం చూసి "ఆస్పర్గర్ ఎవరు నాన్నా?" అని అడిగాడు. వియన్నాలో డాక్టరు అని చెప్పాను, నలుగురు పిల్లల గురించి చెప్పాను, హెర్టా సంగతి కూడా చెప్పాను. వాడు ఆలోచించి, "అయితే ఆ పేరు మనకొద్దు" అన్నాడు. మా ఇంట్లో ఆటిజం అనే అంటాం. ఏళ్ళ తరబడి ఆ పేరుతో బతికినవాళ్ళు అలాగే పిలుచుకుంటే మాత్రం వాళ్ళని తప్పు పట్టను.

మా ఆవిడ భయం వేరే. "అమ్మాయి పెళ్ళి అయ్యేదాకా ఏ పేరూ ఊళ్ళో ఎత్తకండి" అంది. పేరు వెయ్యొద్దన్నది అందుకే. అది తీసిపారెయ్యాల్సిన భయం కాదు, సంబంధాలు ఎలా చెడతాయో ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

ఇక పుస్తకాల సంగతి. డాక్టర్ల పుస్తకాల్లో టోనీ అట్‌వుడ్ 1998లో రాసింది మంచిదే, తేలిగ్గా ఉంటుంది. కానీ తల్లిదండ్రుల కోసం రాసింది. అబ్బాయి కోసం మొదలుపెట్టి, సగంలో నాకోసం గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. అంతకంటే నాకు పనికొచ్చినవి ఈ మనుషులే రాసుకున్న పుస్తకాలు. టెంపుల్ గ్రాండిన్ పశువులని నడిపే దారులూ కట్టడాలూ డిజైన్ చేసే ఆవిడ. 1995లో వచ్చిన "థింకింగ్ ఇన్ పిక్చర్స్" చదవండి. చేతిలో డ్రాయింగు పట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరుగుతూ, కాగితం మీద గీతకీ ఎదురుగా ఉన్న గోడకీ జత కుదుర్చుకుని నేర్చుకున్నానని రాస్తుంది. నేను కూడా డ్రాయింగు చదవడం అలాగే నేర్చుకున్నాను. లియాన్ హాలిడే విల్లీ 1999లో రాసిన పుస్తకం మా ఇంటి కథే, కూతురికి తేలాక తల్లి తనని తాను గుర్తుపట్టింది.

జాన్ ఎల్డర్ రాబిసన్ బడి మానేసిన మనిషి. కిస్ అనే బ్యాండుకి పొగలు కక్కే గిటార్లు తయారు చేశాడు, తర్వాత కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళకి తేలింది. 2007లో వచ్చిన ఆయన పుస్తకం పేరే "లుక్ మీ ఇన్ ద ఐ". కళ్ళలోకి చూడడంలేదని చిన్నప్పుడు అందరూ తిట్టేవాళ్ళట. మాకు తిరకాసు. మా ఊళ్ళో పెద్దల ఎదుట చూపు దించుకుంటే "బుద్ధిమంతుడు" అనేవాళ్ళు, నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ కన్సల్టెంట్లతో మీటింగుల్లో అదే చూపు "ఏదో దాస్తున్నాడు" అయింది. ఆ పుస్తకం చదివాక మీటింగులో డ్రాయింగు బల్ల మీద పరిచి, దాని మీదే వేలు పెట్టి మాట్లాడుతున్నాను. అందరి కళ్ళూ కాగితం మీదే ఉంటాయి. మార్పులు నోటిమాటగా కాకుండా మెసేజ్‌లో పంపమని ఫోర్‌మన్‌కి చెప్పాను. రీవర్క్ తగ్గింది, అరుపులు కూడా తగ్గాయి.

ఇప్పుడు చదువుతున్నది గ్రూన్యా సుఖరేవా వ్యాసం. కీవ్‌లో పుట్టిన డాక్టరు. 1925లో రష్యన్‌లో, 1926లో జర్మన్‌లో ఆరుగురు మగపిల్లల గురించి రాసింది. ఆస్పర్గర్ కంటే దాదాపు ఇరవై ఏళ్ళ ముందు, చాలావరకు అవే లక్షణాలు. సులా వోల్ఫ్ అనే ఆమె 1996లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. మూడో పిల్లాడి దగ్గర ఉన్నాను.