ఓక్‌లాండ్ కొండలు తగలబడిన ఆదివారం

బే ఏరియాలో రైలెక్కి శాన్ ఫ్రాన్సిస్కోలో ఉద్యోగానికి వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో రాక్‌రిడ్జ్ స్టేషన్ తెలిసినవారు అక్కడి గోడమీద సుమారు రెండు వేల చిన్న చిన్న రంగుల బిళ్ళలు అతికించి ఉండటం చూసే ఉంటారు. బడిపిల్లల బొమ్మలు కాబోలు అనుకుని నేనూ చాలాకాలం పట్టించుకోలేదు. 1991 అక్టోబరు 20న ఆ స్టేషన్‌కి పైనున్న కొండల్లో జరిగిన అగ్నిప్రమాదం జ్ఞాపకార్థం ఆ ప్రాంతంవాళ్ళు చేత్తో రంగులద్ది చేసిన బిళ్ళలవి.

ఆ ప్రమాదం మాట ఎక్కడ వచ్చినా, ఇప్పుడు లాస్ ఏంజలస్ మంటల మాట వచ్చినా, మనవాళ్ళు రెండు ప్రశ్నలు వేస్తారు. "అంత పొగ కనిపిస్తుంటే ముందే ఎందుకు వెళ్ళిపోలేదండీ?" అన్నది మొదటిది. "కొండ మీద బంగళాలు కట్టుకున్నవాళ్ళు, ఇన్సూరెన్సు ఉంటుంది, వాళ్ళకేం లెండి" అన్నది రెండవది. అది ప్రశ్న కూడా కాదు, తీర్పు. ఈ రెండు మాటలూ నేనూ అన్నవాడినే. ఆ కొండల చరిత్ర చదివాక అనడం మానుకున్నాను.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజులు. శనివారం మధ్యాహ్నం కాల్డెకాట్ సొరంగానికి పైన గడ్డిలో ఐదారు ఎకరాల మేర నిప్పు లేచింది. అగ్నిమాపక దళం వచ్చి, సాయంత్రానికల్లా అదుపులోకి తెచ్చింది. గొట్టాలు అక్కడే ఉంచి, మర్నాడు పొద్దున్న మళ్ళీ వచ్చి చల్లార్చే పనిలో ఉన్నారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు "హమ్మయ్య, నిన్ననే అయిపోయింది" అనుకునే నిద్ర లేచారు. వెళ్ళిపోవాలని వాళ్ళకి ఎందుకు తోస్తుంది?

ఆదివారం పదకొండు గంటలయ్యే వేళకి గాలి మారింది. ఈ ప్రాంతంలో మామూలుగా గాలి సముద్రం మీదనుంచి చల్లగా వస్తుంది. శరదృతువులో ఒక్కొక్కసారి అది తిరగబడి, తూర్పునుంచి ఎండి వేడెక్కిన గాలి కొండల మీదుగా దిగుతుంది. దీన్నే డయాబ్లో గాలి అంటారు. ఆ రోజు దాని విసురు గంటకి 65 మైళ్ళు. నేలలో మిగిలిన నిప్పు కణికలు లేచి చెట్ల మీద పడ్డాయి, చెట్ల నుంచి ఇళ్ళ కప్పుల మీద పడ్డాయి. మొదటి గంటలోనే 790 ఇళ్ళు పోయాయి. ఎనిమిది వరసల హైవే 24ని మంట దాటేసింది. కరెంటు పోయి నీళ్ళ పంపులు ఆగాయి, కొండమీది ట్యాంకులు ఖాళీ అయ్యాయి. పొరుగూళ్ళ నుంచి సాయానికి వచ్చిన ఫైరింజన్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి. ఓక్‌లాండ్ నీటి కుళాయిల మూతి మూడు అంగుళాలది! ఇంజనీరుగా ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సాయంత్రం గాలి తగ్గింది కాబట్టి మంట ఆగిందిగాని, మనుషులు ఆపలేదు. మొత్తం పాతికమంది చనిపోయారు, 150 మంది గాయపడ్డారు. 1,500 ఎకరాలకు పైగా కాలిపోయింది. ఇళ్ళు, అపార్టుమెంట్లు కలిపి మూడు వేలకు పైగా బూడిదయ్యాయి. నష్టం 150 కోట్ల డాలర్లన్నారు.

చనిపోయినవాళ్ళలో చాలామంది వెళ్ళకుండా కూర్చున్నవాళ్ళు కారు. బయలుదేరినవాళ్ళే. ఛారింగ్ క్రాస్ అనే సన్నని వంకర వీధిలో కార్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోయాయి. పొగలో ఎదురుగా ఏముందో తెలియదు. జనాన్ని కిందికి పంపడానికి పైకెళ్ళిన ఒక పోలీసు అధికారి కూడా అక్కడే ప్రాణం వదిలాడు. వెళ్ళాలా, ఉండాలా అని ఆలోచించడానికి చాలామందికి పది నిముషాలు కూడా లేవు. ఆ పది నిముషాల్లో ఏం చేయగలమన్నది మాత్రం అంతకుముందు డెబ్భై ఎనభై ఏళ్ళలోనే నిర్ణయమైపోయింది.

1923 సెప్టెంబరు 17న పక్కనే ఉన్న బర్క్‌లీలో ఇలాంటి గాలికే సుమారు 600 ఇళ్ళు రెండు మూడు గంటల్లో కాలిపోయాయి. అప్పట్లో ఇళ్ళ కప్పులు చెక్క పెంకులు. వేసవిలో గాలి వీచేరోజున తాటాకు ఇళ్ళ పల్లెలో ఒక్క కప్పుకి నిప్పంటుకుంటే ఏమవుతుందో కోస్తా జిల్లాల్లో పుట్టిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చెక్క పెంకు డబ్బున్నవాడి తాటాకు, అంతే తేడా. ఊరి కౌన్సిలు చెక్క కప్పులు కూడదని తీర్మానం చేసింది, ఒత్తిడి రాగానే వెనక్కి తీసుకుంది. చెట్ల సంగతి ఇంకో కథ. 1910 ప్రాంతంలో ఫ్రాంక్ హేవెన్స్ అనే భూముల వ్యాపారి కలప అమ్ముకోవచ్చునని ఈ కొండల మీద లక్షల కొద్దీ ఆస్ట్రేలియా చెట్లు నాటించాడు. అవి మన ఊళ్ళలో జామాయిల్ అనే చెట్లే. కలప మెలికలు తిరిగి ఎందుకూ పనికిరాలేదు. వ్యాపారం మూతపడింది, నూనె నిండిన చెట్లు మిగిలాయి. 1970లో మళ్ళీ అవే కొండల్లో నలభైకి దగ్గరగా ఇళ్ళు పోయాయి. 1990 డిసెంబరు మంచుకి చెట్లు ఎండి రాలాయి. అప్పటికే ఏళ్ళ తరబడి వానల్లేవు. కొండల్లో ఇల్లు కొన్న మాస్టారుకో నర్సుకో ఇవన్నీ ఎవరు చెప్పారు? వాళ్ళు చూసింది మంచి బడి, చల్లటి నీడ, కిటికీలోంచి కనిపించే సముద్రం.

ఇక డబ్బున్నవాళ్ళన్న మాట. నిజమే, ఉన్నారు. కానీ పార్క్‌వుడ్స్ అనే సముదాయంలో నాలుగు వందలకు పైగా అపార్టుమెంట్లు కాలిపోయాయి. అద్దెకున్నవాళ్ళకి యజమాని బీమా నుంచి తమ సామానుకి పైసా రాదు. సొంత ఇళ్ళున్నవారిలో రిటైరైనవాళ్ళున్నారు, చవగ్గా దొరికిన కాలంలో కొనుక్కున్నవాళ్ళున్నారు. "ది ఉమన్ వారియర్" రాసిన మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ ఆ రోజు తండ్రి కర్మకాండ ముగించుకుని కారులో ఇంటికి వస్తోంది. వచ్చేసరికి ఇల్లు లేదు, ఇంట్లో ఉన్న కొత్త పుస్తకం రాతప్రతీ లేదు. ఆ పుస్తకం మళ్ళీ రాసి 2003లో గాని తేలేకపోయింది. ఆమె కాబట్టి మనకి తెలిసింది. మిగిలిన మూడు వేల గడపల్లో ఏం పోయాయో లెక్క ఎవరు రాశారు?

లెక్క రాయమని మాత్రం బీమా కంపెనీలు అడుగుతాయి. కాలిపోయిన ప్రతి వస్తువూ, ఎప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో. అమ్మ ఇచ్చిన ఇత్తడి దీపపు సెమ్మెకి, పెళ్ళినాటి పట్టుచీరకి మనమైతే ఏం రాస్తాం? అంతకన్నా పెద్ద చిక్కు ఇంటి మొత్తం దగ్గర వచ్చింది. పాలసీలో రాసిన మొత్తం చాలామందికి తిరిగి కట్టడానికి చాలలేదు. వేల కుటుంబాలు ఒకేసారి కట్టడం మొదలుపెడితే మేస్త్రీ కూలీ, కలప ధర పెరుగుతాయి. కొత్త నిబంధనల ప్రకారం కట్టాలంటే ఖర్చు ఇంకా ఎక్కువ. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు గుంపులుగా చేరి, పాలసీలు పక్కపక్కన పెట్టుకుని చదివారు, పోట్లాడారు. పాలసీదార్లకి సాయం చేసే యునైటెడ్ పాలసీహోల్డర్స్ అనే సంస్థ ఆ ఏడే పుట్టింది. ఎంత ఖర్చయినా పూర్తిగా కట్టిస్తామనే రకం పాలసీలను తర్వాతి ఏళ్ళలో కంపెనీలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాయి. ఆ పోరాటం ఫలితంలో ఇదీ ఒక భాగమే.

కొన్ని మంచి పనులూ జరిగాయి. వేర్వేరు ఊళ్ళ దళాలు ఒకే పద్ధతిలో పనిచేసేలా రాష్ట్రం 1992లో చట్టం చేసింది. ప్రమాదమున్న ప్రాంతాలను గుర్తించి మ్యాపులు వేయాలని మరో చట్టం వచ్చింది. వీధులు వెడల్పు చేయాలన్న మాట కూడా వచ్చింది, కానీ చాలావరకు పాత వీధుల వెంటే కొత్త ఇళ్ళు లేచాయి.

2018 నవంబరు 8న పారడైజ్ ఊరు కాలినప్పుడు 85 మంది పోయారు. ఆ ఊరికి ముందే తయారైన తరలింపు ప్రణాళిక ఉంది, చాలినన్ని దారులు లేవు. 2025 జనవరి 7న పాలిసేడ్స్‌లో జనం కార్లు వదిలి నడిచి బయటపడ్డారు. ఆ వదిలిన కార్లను బుల్‌డోజర్లతో పక్కకి నెట్టాల్సి వచ్చింది. అదే రాత్రి ఆల్టడీనాలో చనిపోయినవారిలో దాదాపు అందరూ లేక్ అవెన్యూకి పడమటివైపు వాళ్ళు. సాయంత్రం ఆరు దాటాక మొదలైన మంటకి, ఖాళీ చేయమన్న ఉత్తర్వు వాళ్ళకి తెల్లవారుజామున మూడు దాటాక వచ్చింది. వాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళు, నడవలేనివాళ్ళు ఎక్కువ. ఎందుకు వెళ్ళలేదని వాళ్ళనే అడుగుదామా?

మొన్నటి ఏడు మా ఇంటి బీమా కంపెనీ నుంచి, ఇక కొనసాగించలేమని ఉత్తరం వచ్చింది. ఎవరూ ఇవ్వకపోతే చివరి దిక్కుగా 1968 నుంచీ ఉన్న ఫెయిర్ ప్లాన్‌లో చేరాం. పాత కాగితాలు తీసి చూస్తే, ఇల్లు తిరిగి కట్టడానికని రాసి ఉన్న మొత్తం మేము కొన్ననాటిది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ పేజీ తిప్పలేదు. మా వీధి నుంచి కిందికి దిగే దారి ఒక్కటే. అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్న, పిల్లలనీ, కాగితాల పెట్టెనీ, అమ్మ మందుల సంచినీ వేసుకుని, గడియారం చూసుకుంటూ ఆ దారిన దిగాం. ట్రాఫిక్ లేని రోజున తొమ్మిది నిముషాలు పట్టింది.