ట్రాముల నుంచి తప్పుకున్న అయస్కాంత సూది

దండాయస్కాంతాన్ని దారం కట్టి వేలాడదీస్తే, కాసేపు ఊగి ఉత్తర దక్షిణ దిక్కులలో నిలుస్తుంది. ఉత్తరం వైపున్న కొనను ఉత్తర ధ్రువమనీ, రెండవదాన్ని దక్షిణ ధ్రువమనీ అంటాం. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. అయస్కాంతాన్ని విరిచినా ప్రతి ముక్కకూ మళ్ళీ రెండు ధ్రువాలుంటాయి.

సూది ఇలా నిలవడానికి కారణం భూమే ఒక పెద్ద అయస్కాంతం కావడమని 1600లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు విలియం గిల్బర్ట్ వివరించాడు. మరి సూది ఉత్తర ధ్రువాన్ని ఆకర్షించేది ఏ ధ్రువం? విజాతి ధ్రువమే! అంటే భూమి ఉత్తర ప్రాంతంలో ఉన్నది నిజానికి అయస్కాంత దక్షిణ ధ్రువం.

ఈ భూ అయస్కాంత క్షేత్రం స్థిరంగా ఉండదు. ప్రతిరోజూ కొద్దిగా మారుతుంది, దశాబ్దాలలో మరింత మారుతుంది. సూర్యుడి ప్రభావంతో అయస్కాంత తుఫానులు కూడా వస్తాయి. వీటిని గుర్తించాలంటే ఒకేచోట ఏళ్ళ తరబడి కొలవాలి. మన దేశంలో బొంబాయిలోని కొలాబా వేధశాలలో 1841లో ఈ కొలతలు మొదలయ్యాయి.

1900 ప్రాంతంలో బొంబాయిలో విద్యుత్ ట్రాములు నడపాలని నిర్ణయించారు. ట్రాములకూ సూదికీ ఏమిటి సంబంధం? విద్యుత్ ప్రవహించే తీగ పక్కన దిక్సూచి సూది కదులుతుందని 1820లో డెన్మార్కుకు చెందిన అయిర్‌స్టెడ్ కనుగొన్నాడు. ట్రాము నడిపిన విద్యుత్తు పట్టాల గుండా, కొంత నేల గుండా తిరిగి వెళుతుంది. అప్పుడు సూది చూపేది భూమి మార్పునా, ట్రాము రాకపోకలనా? ఎవరూ చెప్పలేరు. అరవై ఏళ్ళ శ్రమ అక్కడితో తెగిపోయేది.

వేధశాల డైరెక్టరు నానాభాయ్ మూస్ ఇందుకు సముద్రం ఆవల ఉన్న అలీబాగ్‌ను ఎంచుకున్నాడు. అక్కడ ఇనుము వాడకుండా భవనం కట్టించాడు. 1904 నుంచి 1906 వరకు రెండు చోట్లా ఏకకాలంలో కొలతలు తీశారు. ఎందుకంటే రెండు చోట్ల విలువలు ఒకటి కావు. వాటి తేడా తెలిస్తేనే పాత లెక్కలను కొత్తవాటితో కలపగలం. 1907లో ట్రాములు నడిచేనాటికి సూది క్షేమంగా ఉంది! అలీబాగ్‌లో కొలతలు నేటికీ సాగుతున్నాయి.

హైదరాబాదులోనూ ఇటువంటి కథే జరిగింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1964లో ఉప్పల్ ప్రాంతంలో అయస్కాంత వేధశాలను నెలకొల్పింది. నగరం పెరిగి దాన్ని చుట్టుముట్టింది. 2017 నుంచి సంస్థ ముందు నుంచే మెట్రో రైళ్ళు నడుస్తున్నాయి. విజయవాడ దారిలోని చౌటుప్పల్ వద్ద సంస్థకు ఇప్పుడు మరో వేధశాల ఉంది.

బిలాస్‌పూర్ దగ్గరి గతౌరా వంటి రైల్వే ఊళ్ళలోని విద్యార్థులు దీన్ని తేలికగా పరీక్షించవచ్చు. పట్టాల దగ్గరికి వెళ్ళనక్కర లేదు. ఒక దిక్సూచిని ఇంట్లో ఇనుప బీరువా పక్కనా, ఆరుబయట మైదానంలోనూ ఉంచి చూడండి. సూది చూపే దిక్కులో తేడా కనిపిస్తే, మూస్ ఇనుమును ఎందుకు దూరం పెట్టాడో అర్థమవుతుంది.