గాలి పోయినా ఆగని చక్రం: రన్‌ఫ్లాట్ టైరు ఖర్చు చరిత్ర



మీ ఊళ్లో ఏ కారు డ్రైవరునైనా "అదనపు చక్రం ఉందా?" అని అడిగి చూడండి. ఒక క్షణం ఆగి, "స్టెప్నీయా? డిక్కీలో ఉంది" అంటాడు. స్టెప్నీ అన్నది తెలుగు మాట కాదు, హిందీ మాటా కాదు. బ్రిటన్‌లో పుట్టిన ఈ మాట ఈ అర్థంలో అక్కడ దాదాపు కనుమరుగైంది, మన దగ్గర మాత్రం నిలిచిపోయింది. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో ఒక వీధి పేరు స్టెప్నీ. ఆ పట్టణానికి చెందిన థామస్ మోరిస్ డేవీస్ 1904లో ఒక అదనపు చక్రాన్ని రూపొందించి దానికి ఆ వీధి పేరే పెట్టాడు. అది అంత విరివిగా అమ్ముడుపోవడానికి కారణం, అప్పటి కార్లకు అదనపు చక్రం అనేదే లేకపోవడం. పంక్చరైతే దారి పక్కన కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు ప్యాచ్ వేసుకుని, గాలి కొట్టుకోవలసిందే.

ఇప్పుడు నూట ఇరవై ఏళ్ల తర్వాత, స్టెప్నీ లేని కార్లు మళ్లీ వస్తున్నాయి. వాటిలో కొన్నింటికి రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. అంటే గాలి పూర్తిగా దిగిపోయినా కొంత దూరం నడిచే టైర్లు. ఇవి మంచివా, మామూలు టైర్లు మంచివా అన్న ప్రశ్నకు కార్ల దుకాణంలో ఒక సమాధానం దొరుకుతుంది. చరిత్ర విద్యార్థులుగా మనం అడగవలసిన ప్రశ్న కొంచెం వేరు. టైరులో గాలి పోయినప్పుడు కలిగే కష్టాన్ని, ఖర్చును ఏ కాలంలో ఎవరు భరించారు? ఆ భారం ఎవరి మీద నుంచి ఎవరి మీదికి మారింది?

గాలిని నమ్ముకున్న చక్రం

గాలి టైరు ఒకసారి కాదు, రెండుసార్లు పుట్టింది. స్కాట్లండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో దానికి పేటెంటు పొందాడు. అప్పటికి సైకిళ్లు లేవు, కార్లు లేవు, గుర్రపు బళ్లకు అంత ఖర్చు పెట్టేవారూ లేరు. అది మరుగున పడిపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న జాన్ బోయ్డ్ డన్‌లప్ అదే ఆలోచనకు విడిగా పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ పాత పేటెంటు బయటపడటంతో అది తర్వాత చెల్లలేదు. అయినా ఈసారి సైకిలు సిద్ధంగా ఉంది కనుక వ్యాపారం నిలబడింది. కొత్త వస్తువు రావడం ఒక ఎత్తు, దాని అవసరం వచ్చి ఉండటం మరో ఎత్తు అనడానికి నేను తరగతిలో ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్పేవాడిని.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. బండి బరువును మోసేది ప్రధానంగా రబ్బరు కాదు, లోపల ఒత్తిడితో ఉన్న గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి. అంతకుముందు వాడిన గట్టి రబ్బరు చక్రాలకు పంక్చరు అనే మాటే లేదు. వాటి మీద ప్రయాణిస్తే ఒళ్లు హూనమయ్యేది, బండి విడిభాగాలు త్వరగా అరిగిపోయేవి. మెత్తని ప్రయాణం కావాలంటే గాలి కావాలి, గాలి కావాలంటే పంక్చరును భరించాలి. మొదటి బేరం ఇదే. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1895 పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్లు తొడిగిన కారును నడిపినప్పుడు దారి పొడవునా పంక్చర్లే. పందెం గెలవలేదు. అయినా కొన్నేళ్లలో మోటారు లోకం గాలి టైరునే ఎంచుకుంది, పంక్చరును కూడా దానితో పాటే తెచ్చుకుంది.

స్టెప్నీ ఆ సమస్యకు దొరికిన చవకైన జవాబు. ఆకులు లేని చక్రపు చట్రానికి ముందే గాలి నింపిన టైరు ఉంటుంది. దాన్ని పంక్చరైన చక్రానికి పక్కనే బిగించి బయలుదేరవచ్చు. తర్వాత చక్రం మొత్తాన్ని విప్పి మార్చుకునే ఏర్పాటు వచ్చాక, అయిదో చక్రం కారుతో పాటే ఇవ్వడం ఆనవాయితీ అయింది. చక్రం తయారీదారు ఇస్తాడు, మార్చే శ్రమ యజమానిది, చిల్లు పూడ్చే పని దారి పక్కన ఉన్న పంక్చరు షాపుది. ఈ ముగ్గురి మధ్య కుదిరిన ఒప్పందం ఎక్కడా రాసి లేదు, కానీ దాదాపు ఒక శతాబ్దం నడిచింది.

ఈ మధ్యలో ప్రయత్నాలు ఆగలేదు. ట్యూబు లోపల మరో ట్యూబు పెట్టి చూశారు. 1958లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ గుడ్‌ఇయర్‌తో కలిసి లోపలి పొర బరువు మోసే టైర్లను అమ్మింది. ఇవేవీ నిలబడలేదు. అదే కాలంలో ట్యూబ్‌లెస్ టైర్లు, ఆ తర్వాత రేడియల్ టైర్లు వచ్చి మామూలు టైరే చాలా మెరుగుపడింది. మేకు దిగినా గాలి మెల్లగా దిగుతుంది, బండి అదుపులో ఉంటుంది. అసలు సమస్యే చిన్నదవుతుంటే ఖరీదైన పరిష్కారం ఎవరికి కావాలి?

డెనోవో: పని చేసింది, నిలవలేదు

1970ల మొదట్లో బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ ఈ ప్రశ్నకు గట్టి జవాబే ఇవ్వబోయింది. 1972లో ప్రకటించి, తర్వాత డెనోవో అని పేరు పెట్టిన ఈ ఏర్పాటులో టైరు, రిమ్ము రెండూ ప్రత్యేకమైనవి. టైరు లోపల చిన్న డబ్బాల్లో ఒక ద్రవం ఉండేది. గాలి దిగి టైరు నలగగానే ఆ డబ్బాలు పగిలేవి. ద్రవం లోపలి గోడలు ఒకదానితో ఒకటి రాసుకుని కాలిపోకుండా జారుడుగా ఉంచేది, చిల్లును కొంత పూడ్చేది, వేడికి ఆవిరై కొద్దిగా ఒత్తిడిని కూడా ఇచ్చేది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సుమారు 160 కిలోమీటర్లు పోవచ్చని చెప్పారు. 1973లో రోవర్ 3500 కారుకు, 1974లో మినీ 1275 జీటీకి అదనపు ధరతో ఇవ్వసాగారు.

ఆ ఇంజనీర్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. వారి ఆలోచన దారి మీదే ఆగిపోయే బండిని ఇంటిదాకా చేర్చడం గురించి. ఇల్లు చేరిన మర్నాడు ఏమవుతుంది? ఆ టైరును ప్రత్యేక పరికరాలు, శిక్షణ ఉన్నచోటే విప్పగలరు. ఆ రిమ్ముకు మామూలు టైరు ఎక్కదు. కారు పాతబడి రెండో, మూడో యజమాని చేతికి వెళ్లేసరికి ఆ టైర్ల ధర కారు విలువతో పోటీపడే స్థితి. చాలామంది చక్రాలనే మార్చేసి మామూలు టైర్లకు మళ్లారు. సాంకేతికంగా విజయం, ఊరి గ్యారేజీ దగ్గర ఓటమి.

ఇక్కడ చదవడం ఆపి కాసేపు ఆలోచించండి. ఒక కొత్త వస్తువు విఫలమైందని పుస్తకాల్లో చదివినప్పుడు, విఫలమైంది వస్తువా, దాన్ని బాగుచేసే చేతులు లేకపోవడమా అని మీరు విడదీసి చూస్తున్నారా?

గోడే బరువు మోసిన టైరు

ఈనాడు రన్‌ఫ్లాట్ అంటే ఎక్కువగా కనిపించేది మరో రకం. దీని పక్కగోడలు దళసరిగా, వేడిని తట్టుకునే గట్టి రబ్బరుతో ఉంటాయి. మామూలు టైరు గాలి పోగానే గోడలు ముడుచుకుపోతాయి. అలా మడతపడి తిరిగే ప్రతి చుట్టుకూ వేడి పుట్టి, కొద్ది దూరంలోనే టైరు చీలికలవుతుంది. దళసరి గోడ ముడుచుకోకుండా బరువును తానే మోస్తుంది. ఇప్పుడు సాధారణంగా వినిపించే హామీ, గంటకు 80 కిలోమీటర్లకు మించని వేగంతో 80 కిలోమీటర్ల దూరం. మామూలు రిమ్ముకే ఎక్కడం దీని గొప్పదనం. 1997లో కొత్త షెవర్లే కార్వెట్ కారు అదనపు చక్రం లేకుండా ఈ టైర్లతోనే వచ్చింది. 2000 తర్వాత బీఎండబ్ల్యూ తన కార్లలో చాలా వాటికి వీటినే తొడిగింది.

ఈ టైరుకు ఒక తోడు కావాలి. గోడ గట్టిగా ఉండటంతో గాలి పోయిన సంగతి డ్రైవరుకు తెలియకపోవచ్చు, తెలియకపోతే 80 కిలోమీటర్ల లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? అందుకని టైరు ఒత్తిడిని గమనించి హెచ్చరించే పరికరం తప్పనిసరి. టైర్లు పేలి ఎన్నో మరణాలు సంభవించిన తర్వాత అమెరికా 2000లో చట్టం చేసి, 2007 సెప్టెంబరు నుంచి చిన్న వాహనాలన్నింటికీ ఈ పరికరాన్ని విధించింది. ఆ చట్టం రన్‌ఫ్లాట్ కోసం వచ్చింది కాదు, కానీ దానికి దారి సుగమం చేసింది.

మిషెలిన్ వేరే దారి పట్టింది. పాక్స్ అనే ఏర్పాటులో ప్రత్యేకమైన రిమ్ము, దాని చుట్టూ లోపల ఒక గట్టి కంకణం. గాలి పోతే టైరు ఆ కంకణం మీద కూర్చుంటుంది. రోల్స్‌రాయిస్ వంటి కార్లకు అది తగింది. చిక్కంతా 2005 మోడల్‌గా వచ్చిన హోండా ఒడిస్సీ అనే కుటుంబ వాహనంతో వచ్చింది. పిల్లలను బడికి దింపే బండి అది. పాక్స్ టైరు మార్చే యంత్రం కొద్ది దుకాణాల్లోనే ఉంది, టైరు ఖరీదు ఎక్కువ, పోటీగా మరొకరి టైరు కొనే వీలు లేదు. కొనుగోలుదారులు సామూహికంగా కోర్టుకు వెళ్లారు, వ్యవహారం రాజీతో ముగిసింది. కొత్త పాక్స్ టైర్ల అభివృద్ధిని మిషెలిన్ ఆపేసింది. ముప్పై ఏళ్ల ముందు డెనోవోకు జరిగిందే మళ్లీ జరిగింది. పక్క దేశంలో, తన రంగంలోనే జరిగిన చరిత్రను ఆ కంపెనీ చదవలేదని నేను అనుకోను. చదివి కూడా తమ విషయంలో అలా జరగదని నమ్మి ఉంటారు.

లెక్క వేసి చూద్దాం

ఒక మామూలు టైరు ధర 100 అనుకోండి. అదే కొలతలో రన్‌ఫ్లాట్ 140 అనుకుందాం. ఇవి ఊహించిన అంకెలే, అసలు తేడా కొలతను, తయారీదారును బట్టి మారుతుంది. నాలుగు మామూలు టైర్లకు, ఒక స్టెప్నీ టైరుకు కలిపి 500. రన్‌ఫ్లాట్ నాలుగుకు 560. తేడా పెద్దగా లేదే అనిపిస్తుంది. పైగా స్టెప్నీ, జాకీ బరువు తగ్గి, డిక్కీలో చోటు మిగులుతుంది.

ఇప్పుడు ఒక మేకు గుచ్చుకుందనుకోండి. మామూలు ట్యూబ్‌లెస్ టైరుకు దారి పక్క షాపులో రబ్బరు పుల్ల దోపి ఒకటి రెండు వందల రూపాయలు తీసుకుంటారు. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్ లోపల గోడ ఎంత దెబ్బతిన్నదో పైకి కనిపించదు, అందుకే దాన్ని బాగుచేయవద్దని తయారీదారులు ఎక్కువగా చెబుతారు. కొత్త టైరు కొనాలి. పక్క టైరు బాగా అరిగి ఉంటే జత మార్చమంటారు. మన లెక్కలో 140, లేదా 280. స్టెప్నీ మీద మిగిల్చినదంతా ఒక్క మేకుతో పోయింది. ఇవి కాక గట్టి గోడల వల్ల గుంతల రోడ్డు మీద కుదుపు ఎక్కువ.

అటువైపు ఏముంది? అర్ధరాత్రి, వాన, భారీ లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి, బండిలో వృద్ధులు లేదా ఒంటరిగా ఒక స్త్రీ. అక్కడ దిగి జాకీ పెట్టవలసిన అవసరం లేకపోవడానికి ఎంత విలువ కడతారు? వేగంలో గాలి ఒక్కసారిగా పోయినా బండి అదుపు తప్పకపోవడానికి ఎంత? ఈ గడిలో అంకె వేయడం నాకు చేతకాలేదు. అంకె వేయలేం కాబట్టి దాన్ని సున్నా అనుకోవడం మాత్రం తప్పు.

కొన్నేళ్ల కిందట మా బంధువుల అబ్బాయి కారులో విజయవాడ వెళ్తుండగా సూర్యాపేట దగ్గర హెచ్చరిక దీపం వెలిగింది. రన్‌ఫ్లాట్ టైర్లు, స్టెప్నీ లేదు. నిజం చెప్పాలంటే ఆ టైరు తన పని తాను చేసింది, చీకట్లో మమ్మల్ని భద్రంగా ఊళ్లోకి చేర్చింది. పంక్చరు షాపు పెద్దాయన టైరును తట్టి చూసి, "ఇది నా రాడ్లకు లొంగదు సార్, గోడ చూడండి ఎంత గట్టిగా ఉందో" అన్నాడు. ఆ కొలత టైరు ఊళ్లో లేదు. సూర్యాపేట నుంచి హైదరాబాదైనా విజయవాడైనా 130 కిలోమీటర్లకు పైనే. టైరు హామీ 80. రాత్రి లాడ్జిలో పడుకుని, మర్నాడు హైదరాబాదు నుంచి టైరు తెప్పించుకున్నాం. పక్క నగరానికి నగరానికి మధ్య దూరం తక్కువగా ఉండే దేశాల్లో 80 సరిపోవచ్చు. ఆ అంకెను మన పటం మీద పెట్టి చూస్తే అర్థం మారుతుంది.

మన నిబంధన

2020 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 3.5 టన్నుల లోపు బరువుండి, డ్రైవరుతో కలిపి తొమ్మిది మందికి మించని ప్రయాణికుల వాహనానికి ట్యూబ్‌లెస్ టైర్లు, ఒత్తిడి హెచ్చరిక పరికరం, పంక్చరు బాగుచేసే కిట్ ఉంటే అదనపు చక్రం ఇవ్వనక్కర్లేదు. గమనించండి, రన్‌ఫ్లాట్ టైరు ఉండాలన్న షరతు ఇందులో లేదు. కాబట్టి స్టెప్నీ లేని కారు ప్రతిదీ గాలి పోయాక నడుస్తుందని అనుకోకూడదు. చాలా వాటిలో ఉండేది జిగురు సీసా, చిన్న గాలి పంపు మాత్రమే. మేకు చిల్లుకు అవి సరిపోతాయి, గుంతలో పడి పక్కగోడ చీలితే పనికిరావు. స్టెప్నీ లేకుండా తగ్గిన ఖర్చు తయారీదారు ఖాతాలో మొదట కనిపిస్తుంది. గోడ చీలిన రాత్రి ఖర్చు కొన్నవారి ఖాతాలో పడుతుంది.

అభ్యాసం: మీ ఊళ్లోని పంక్చరు షాపుకు వెళ్లి యజమానితో మాట్లాడండి. ట్యూబు టైరు, ట్యూబ్‌లెస్ టైరు, రన్‌ఫ్లాట్ టైరు, వీటిలో ఏవి ఆయన చేతికి వస్తున్నాయి? ఏది వచ్చినప్పుడు కొత్త పరికరం కొనవలసి వచ్చింది, దేన్ని తిప్పి పంపేశారు? ఆయన చెప్పిన సంవత్సరాలను, పరికరాల ధరలను రాసుకుని, ఈ పాఠంలోని డెనోవో, పాక్స్ ఉదాహరణలతో పోలుస్తూ రెండు పుటల వ్యాసం రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.