చెవి యొగ్గవలసిన తావు

కిన్నెరసాని గోదావరిలో గలియు చోటికి చేరువనున్న బూర్గంపాడును గూర్చి వ్రాయబూనినవారు నదులను గూర్చియు, వరదలను గూర్చియు, ఆవలియొడ్డునగల భద్రాచల రామాలయమును గూర్చియు ముచ్చటింతురు గాని, ఆ నేలయడుగున నున్న పగుళ్లను తలపెట్టువారు అరుదు. ప్రాణహిత-గోదావరి లోయ యనునది కోట్ల యేండ్లనాడు భ్రంశరేఖల వెంబడి నేల క్రుంగగా నేర్పడిన పెద్ద గాడి. నదికి త్రోవ నిచ్చినదియు, ఇల్లెందు కొత్తగూడెములకు బొగ్గు నిచ్చినదియు, ఎప్పుడో యొకప్పుడు ఇండ్ల నదరించునదియు ఆ గాడియే. కంటి కానని బీటను చప్పుడువలన కనిపెట్టు విద్యకు ఇంతకంటె తగిన సీమ తెలుగునాట మరియొకటి లేదు.

ఆ విద్యకు మొదటి బడి బొగ్గుబాయి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను; 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కును బడసెను; 1889 నుండి బొగ్గు పైకి రాసాగెను. బాయిలోనికి దిగిన సర్దారు, అనగా పనివాండ్రపై పెద్ద, మందుగుండు ప్రేలి పొగ విడిన పిమ్మట, పనివాండ్ర నడుగు పెట్టనీయక, తానొక్కడే ముందునకుబోయి, ఎడమచేతి వ్రేళ్లను పైకప్పున కానించి, కుడిచేతి కర్రతో దానిప్రక్క కొట్టి చూచును. గట్టి రాయియైనచో గణగణ మ్రోగును, వ్రేళ్ల కేమియు తెలియదు. పొర విడిన రాయియైనచో బోలుచప్పుడు చేయుటయే గాక వ్రేళ్లక్రింద సన్నగా వణకును. అంగటిలో కుండను తట్టి కొనువాని నేర్పే యిది, కాని యిచ్చట పొరపాటునకు మూల్యము ప్రాణము. ఐతే సర్దారు కప్పునంతటిని తట్టడు, తట్టుటకు తీరికయు నుండదు. రెండు గాలరీలు కలియు కూడలి, నీరు చెమర్చు చార, నిన్నటికంటె నేడు నలిగినట్లు కనబడు దిమ్మె తల - ఇవి చూచుకొని తట్టును. అతని నేర్పులో సగము చెవిది, తక్కిన సగము తావు నెన్నుకొనుటది. ఈ రెండవ సగమునకు రావలసిన కీర్తి రాలేదని నా యభిప్రాయము.

కర్రతో కొట్టకయే రాయి తనంతట తాను పలుకునని లోకమునకు తెలియుటకు మరి కొంతకాలము పట్టినది. 1930ల చివర అమెరికాలో లెనార్డ్ ఓబర్ట్ అను శాస్త్రజ్ఞుడు గనిస్తంభములలో ధ్వనివేగమును కొలువబోగా, తాను పంపని సంకేతములు యంత్రమునకు తగులుచు నతనిని విసిగించెను. విచారింపగా నవి భారముచే నలుగుచున్న శిల తనలో తాను చిట్లిన చప్పుళ్లని తేలినది. 1950లో జర్మనీలోని మ్యూనిక్‌లో జోసెఫ్ కైజర్, లోహమును ఒకమారు ఎంత భారమునకు లోబరచితిమో ఆ భారము మించువరకు నది మరల చప్పుడు చేయదని సిద్ధాంతీకరించెను. రాతిపేలుళ్లకు పేరువడిన కోలారు బంగారు గనులలోను, ఎందరో తెలుగు కూలీలు చెమటోడ్చిన ఆ లోతులలో, ఇట్టి చప్పుళ్లను పట్టుటకు తరువాతి కాలమున సెన్సారుల వల పన్నిరి.

వల యనుటలోనే చిక్కంతయు నున్నది. ఒక్క సెన్సారు చప్పుడు వినిపించును గాని, తావు చెప్పజాలదు. వరుసగా నొకే గీతపై ఎన్ని సెన్సారులు నాటినను చప్పుడు గీతకు కుడివైపుదో యెడమవైపుదో తెలియదు. తరంగవేగ మెరిగియున్నను, చప్పుడు పుట్టిన క్షణము, పుట్టిన తావునకు నిడివివెంబడి దూరము, వెడల్పువెంబడి దూరము, లోతు - ఈ నాలుగును అజ్ఞాతములగుటచే, గనివంటి చోట నాలుగు దిక్కులను, మీదను క్రిందను చెవులుండవలెను. వాని నడుమ బొగ్గు తీసివేయగా మిగిలిన బోలు, అనగా గోఫ్, అడ్డుపడినచో తరంగము చుట్టు తిరిగివచ్చి లెక్కను తప్పించును.

ఈ పాఠమునే గోదావరి లోయ 1969 ఏప్రిల్ 13 నాటి రాత్రి మిక్కిలి పెద్ద యక్షరములతో వ్రాసినది. భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణముగల భూకంపము పుట్టెను. హైదరాబాదున 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన హర్ష్ గుప్త, ఇంద్రమోహన్, హరినారాయణ్‌లు ఆ ప్రకంపనల వరుసను పరిశీలించి 1970లో ప్రకటించిరి. అట్టి పరిశీలన కాధారమైన లెక్క తెలియనివారికి సులభముగా చెప్పవచ్చును: శిలలో మొదటి తరంగము సెకండునకు సుమారు 6 కిలోమీటర్లు, రెండవది మూడున్నర కిలోమీటర్లు పరుగిడును, 240 కిలోమీటర్ల దూరమున కంపము పుట్టినచో మొదటిది 40 సెకండ్లకును, రెండవది 70 సెకండ్లకు కాస్త ముందుగను చేరును. ఆ యెడము కొలిచి దూరము చెప్పవచ్చును. దిక్కును నిక్కముగ తేల్చుటకు మాత్రము మరి కొన్ని చోట్ల చెవులుండవలసినదే.

ఆ భూకంపమునకు నాలుగేండ్ల ముందే, 1965లో, సారపాకకును భద్రాచలమునకును నడుమ గోదావరిపై వంతెన పూర్తికాగా రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దానిని ప్రారంభించెను. ముప్పదియేడు స్పానులు, ఒక్కొక్కటి నూరడుగులకు పైచిలుకు. ఒకప్పుడు నిజాము సీమకును మద్రాసు రాజధానికిని ఎల్లగానుండిన నది యది. పడవలపై దాటిన నదిని బస్సులపై దాటుట ఆ వంతెనవలననే సుగమమైనది. ఆ వంతెన 1969 కంపమును చవిచూచినది; 1986లో భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకెక్కిన వరదకు నోర్చినది; 2022లో 71.3 అడుగుల వరదకును నోర్చినది. 2024లో ప్రక్కనే రెండవ వంతెన తెరచుకొన్నను, పాతదాని యవసరము తీరిపోలేదు.

ఇట్టి వృద్ధసేతువులకు స్థితిస్థాపక తరంగములను వినెడి సెన్సారులు బిగించుట యిప్పుడు లోకమున పలుచోట్ల నున్న పద్ధతియే. ఇచ్చట మరచిపోరాని సంగతి యొకటి కలదు: స్పానుకును స్పానుకును నడుమ, వేడికి సాగుటకై విడిచిన ఎడము తరంగమును చాలవరకు ఆపివేయును, కావున ఒక స్పానుపై నున్న చెవికి పొరుగుస్పానులోని బీట దాదాపు వినబడదు. హెచ్చు పౌనఃపున్యముగల ధ్వని కాంక్రీటులో కొద్ది మీటర్లలోనే క్షీణించును గూడ. బేరింగుల దాపున, దూలపు నడిమిభాగమున, వరదనీరు ఒరసికొనిపోయిన స్తంభముల మొదట - ఏది ముందో నిర్ణయించుటకు చిత్రపటములతోబాటు ఆ వంతెనను ఏటేట చూచువారి మాటయు వినవలెను. ముప్పదియేడు స్పానులకు తలకొక్కటి చొప్పున సెన్సారు బిగించి ఫలకము తగిలించుటకంటె, మిక్కిలి నలిగిన రెండు మూడు స్పానులకు తగినన్ని సెన్సారులను తగిన చోట్ల బిగించుటయే మేలు.