రిజిస్టరు ధర, వీధి ధర: వేలూరు, గుడియాత్తం నేల లెక్కలు

తమిళనాడులోని వేలూరులో గానీ గుడియాత్తంలో గానీ ఇంటి స్థలం ధర ఎంత పెరిగిందని అడిగితే సమాధానాలకు కొరత ఉండదు. బ్రోకరు ఒకటి చెబుతాడు, అమ్మేవాడు ఒకటి చెబుతాడు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రిజిస్టరు మూడోది చెబుతుంది. ఈ మూడింటిలో ఏళ్ల తరబడి కాగితం మీద నిలిచేది రిజిస్టరు ఒక్కటే. కాబట్టి ధరల చరిత్ర రాయబోయేవాడు దాని దగ్గరికే వెళ్లాలి. అయితే ఆ పుస్తకాన్ని ధర తెలుసుకోవడానికి ఎవరూ పెట్టలేదు. హక్కు రుజువు కోసం పెట్టారు, ఆ తర్వాత సుంకం కోసం వాడుకున్నారు. సుంకం నియమం మారినప్పుడల్లా అందులోని అంకె మారింది, నేల విలువ మారకపోయినా సరే. ఈ ప్రాంతపు ధరల తీరు తెలియాలంటే ముందుగా ఆ నియమాల చరిత్ర తెలియాలన్నది నా వాదన.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం 1802 నాటి 17వ రెగ్యులేషన్‌తో దస్తావేజుల నమోదుకు ఏర్పాటు చేసింది. అప్పట్లో నేల విలువ అంటే సర్కారుకు కట్టే శిస్తు, దాని మీద రైతుకు మిగిలే పంట. ఈ రెండు ఊళ్లూ అప్పట్లో ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లా సంగతులు తెలిపే ముఖ్య గ్రంథం ఆర్థర్ కాక్స్ 1881లో రాసి, హెచ్.ఎ. స్టువర్ట్ 1895లో సవరించిన జిల్లా మాన్యువల్. నంజ, పుంజ, బావి నీరు, చెరువు నీరు అంటూ సాగే ఆ కాలపు ఆలోచనలో ఇంటి స్థలానికి ప్రత్యేకమైన లెక్క లేదు. నమోదు వ్యవస్థ గట్టిపడింది 1864 నాటి చట్టంతో. ఇప్పటికీ నడుస్తున్న 1908 చట్టం వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి క్రయాలను తప్పనిసరిగా నమోదు చేయమంది. దాని 57వ సెక్షన్ మరో మంచి పని చేసింది: రుసుము కడితే స్థిరాస్తి రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. అంతవరకు చిత్తూరులో ఉన్న ఉత్తర ఆర్కాటు కేంద్రం వేలూరుకు మారింది. కచేరీలు, కోర్టులు, వాటిలో పనిచేసేవాళ్ల ఇళ్లు ఊళ్లోకి వచ్చాయి. వేలూరు ఇంటి స్థలాల గిరాకీకి ఈ మార్పును నేను తొలి మలుపుగా లెక్కిస్తాను.

అంకెలు వంకర తిరగడం మొదలైంది స్టాంపు సుంకంతో. 1899 స్టాంపు చట్టం ప్రకారం దస్తావేజులో రాసిన మొత్తం మీదే సుంకం. తక్కువ రాస్తే తక్కువ కట్టవచ్చు. దీన్ని అరికట్టడానికి మద్రాసు రాష్ట్రం 1967లో ఆ చట్టానికి 47ఎ సెక్షన్ చేర్చింది. రాసిన విలువ తక్కువని సబ్ రిజిస్ట్రార్‌కు అనుమానం వస్తే దస్తావేజును కలెక్టరుకు పంపవచ్చు. అనుమానానికి ఒక కొలత కావాలి గనుక వీధివారీగా, సర్వే నంబరువారీగా మార్గదర్శక విలువల పట్టికలు వచ్చాయి. మనం గైడ్‌లైన్ వాల్యూ అనేది దాన్నే. అప్పటినుంచి కొనేవాడూ అమ్మేవాడూ అసలు ధరను వదిలి, పట్టికలోని అంకెనే దస్తావేజులో రాయడం అలవాటైంది. అబద్ధాన్ని పట్టుకోవడానికి తెచ్చిన కొలబద్ద చివరికి ఎంత రాస్తే చాలో చెప్పే సూచన అయింది.

ఇది ధరల చరిత్రను ఎంతగా తప్పుదారి పట్టిస్తుందో చూడటానికి ఇటీవలి మూడు తేదీలు చాలు. తమిళనాడు 2012 ఏప్రిల్‌లో విలువలను సవరించింది. 2017 జూన్ 9న వాటిని ఒక్కసారిగా 33 శాతం తగ్గించి, అదే రోజు రిజిస్ట్రేషన్ రుసుమును 1 శాతం నుంచి 4 శాతానికి పెంచింది. 2023 ఏప్రిల్ 1న విలువలను 2012 స్థాయికి తెచ్చి, రుసుమును 2 శాతానికి దించింది. ఈ కాలమంతా స్టాంపు సుంకం, బదిలీ సుంకం కలిపి 7 శాతమే. గుడియాత్తంలో పట్టిక ప్రకారం పది లక్షల ప్లాటు ఉందనుకుందాం. 2017 జూన్‌కు ముందు దాని మీద కట్టాల్సింది 8 శాతం చొప్పున 80,000 రూపాయలు. తగ్గింపు తర్వాత విలువ 6,70,000, రేటు 11 శాతం, కట్టాల్సింది 73,700. 2023లో విలువ మళ్లీ పది లక్షలు, రేటు 9 శాతం, కట్టాల్సింది 90,000. పట్టికను మాత్రమే చూసేవాడు ఒక రోజులో మూడో వంతు పతనం, ఆరేళ్లకు ఒక రోజులో సగానికి సగం పెరుగుదల చూస్తాడు. ఆ రెండు రోజుల్లోనూ బజారులో అలాంటిదేమీ జరగలేదు. జరిగింది ఖజానా లెక్కల సర్దుబాటు. ఈ అంకెలతో గీత గీసి దాన్ని ధరల తీరు అనడం జనాన్ని మోసగించడమే.

ఈ తేడాను న్యాయస్థానాలు ఎప్పుడో గుర్తించాయి. ఆదిలాబాద్ నుంచి వెళ్లిన జవ్వాజి నాగనాథం కేసులో సుప్రీం కోర్టు 1994లోనే, సుంకం వసూలు కోసం పెట్టిన ప్రాథమిక విలువల రిజిస్టరు భూసేకరణ పరిహారానికి ఆధారం కాదంది. 2003లో తమిళనాడు ప్రభుత్వ సంస్థ టాన్సీ భూముల కేసులోనూ మార్గదర్శక విలువ పైపై అంచనాయే తప్ప అదే మార్కెట్ విలువ కాదన్నది కోర్టు. అయినా 2003 నుంచి ఆదాయపు పన్ను చట్టంలోని 50సి సెక్షన్, స్టాంపు విలువ కన్నా తక్కువకు అమ్మితే ఆ స్టాంపు విలువనే అమ్మకపు ధరగా లెక్కించమంది. కోర్టు నమ్మదగదన్న అంకెను చట్టం కొలతగా పట్టుకుంది.

అయితే రిజిస్టరును పక్కన పడేయాల్సిందేనా? అందులో అందరూ అబద్ధమే రాశారు గదా అని చాలామంది అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది గానీ దాన్నుంచి ఆ తీర్మానం రాదు. ఎంత తగ్గించి రాయాలన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు నిర్ణయించింది కాదు, ఆ కాలపు పట్టికను బట్టి సాగింది. ఏ కాలంలో ఏ నియమం ఉందో తెలిస్తే తప్పు ఎటువైపు ఒరుగుతుందో అంచనా కట్టవచ్చు. బ్యాంకు అప్పుతో కొన్నవాళ్లకు తక్కువ రాస్తే అప్పూ తగ్గుతుంది, అందుకే ఆ దస్తావేజులు అసలుకు దగ్గరగా ఉంటాయి. 2015 జూన్ నుంచి స్థిరాస్తి లావాదేవీల్లో 20,000 రూపాయలు, ఆపై నగదు తీసుకోకూడదన్న నిబంధన కూడా కొంత పనిచేసింది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే స్థలం మళ్లీ మళ్లీ అమ్ముడైనప్పటి అంకెలను పక్కపక్కన పెట్టడం. ఈ పద్ధతిని బెయిలీ, మ్యూత్, నోర్స్ 1963లో గణితంగా మలిచారు. పీట్ ఐఖోల్ట్స్ దాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని హేరెన్‌గ్రాఖ్ట్ కాలువ వీధి ఇళ్లకు వర్తింపజేసి, 1628 నుంచి 1973 దాకా ఆ వీధి ధరల చరిత్ర కట్టాడు. ఒక్క వీధి దస్తావేజులు అంత చెప్పగలిగితే, వందేళ్లకు పైగా నడుస్తున్న మన రిజిస్టర్లు ఏమీ చెప్పవని అనుకోవడం తొందరపాటు.

ఒకే స్థలాన్ని దానితోనే పోలుస్తుంది గనుక ఈ పద్ధతి మరో చిక్కునూ విప్పుతుంది. పాత దస్తావేజుల్లో నేల ఎకరాల్లో, సెంట్లలో ఉంటుంది, కొత్తవాటిలో చదరపు అడుగుల్లో. సెంటుకు 435.6 చదరపు అడుగులు. పొలం లేఅవుట్ అయ్యేటప్పుడు మూడో వంతు రోడ్లకూ పార్కుకూ పోయిందనుకుంటే అమ్మకానికి మిగిలేది సెంటుకు సుమారు 290 అడుగులే. సెంటు ధరను నేరుగా అడుగు ధరగా మార్చి పోల్చేవాళ్లు ఈ సంగతి మరిచి, పెరుగుదలను ఉన్నదానికన్నా పెద్దది చేసి చూపుతారు. అమ్ముడైన స్థలాల రకం మారినా సగటు మారుతుంది. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ఆపింది. రెండు నెలలకు పెద్ద నోట్ల రద్దు వచ్చింది. క్రమబద్ధీకరణ నిబంధనలు 2017లో గానీ రాలేదు. ఆ నెలల్లో నమోదైనవి ఎక్కువగా అనుమతి ఉన్న, ఖరీదైన స్థలాలు. సగటు తీస్తే అది ఏ ధరనూ సరిగ్గా చూపదు.

ఇక అసలు ధరను కదిలించినవేమిటి? వేలూరులో మొదటి పేరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.). ఐడా స్కడర్ 1900లో ఒకే పడకతో మొదలుపెట్టిన వైద్యశాల, బెంగాల్ నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ రోగులు వచ్చి వారాల తరబడి ఉండే ఆసుపత్రి అయింది. దాని చుట్టూ ఉన్న వీధుల్లో గది రోజు అద్దెకు పోతుంది. అక్కడి నేల విలువను నిర్ణయించేది ఆ అద్దె రాబడే. కాట్పాడి వైపు 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2001లో విశ్వవిద్యాలయ హోదా పొందిన వి.ఐ.టి. విద్యార్థుల గిరాకీ తెచ్చింది. 2008లో వేలూరు కార్పొరేషన్ అయింది, ఆ తర్వాత సత్తువాచ్చారి, కాట్పాడి లాంటివి అందులో కలిశాయి. గుడియాత్తం దారి వేరు. అక్కడి కొనుగోలుశక్తి లుంగీల మగ్గాల నుంచి, అగ్గిపెట్టెల నుంచి, బీడీల నుంచి రావాలి. బయటి రోగులూ విద్యార్థులూ ధరను ఎత్తిపట్టే ఊరు కాదది. ఒకే జిల్లాలోని ఈ రెండు ఊళ్లను కలిపి ఒక సగటు తీస్తే ఆ అంకె వేలూరుకూ సరిపోదు, గుడియాత్తానికీ సరిపోదు.

జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007లో మొదలుపెట్టిన ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్ ఇప్పుడు 50 నగరాల ధరలు ప్రకటిస్తుంది. వాటిలో తమిళనాడు నుంచి ఉన్నవి చెన్నై, కోయంబత్తూరు. రిజర్వు బ్యాంకు సూచీలో చెన్నై ఉంది. వేలూరు రెండింటిలోనూ లేదు. ఇంత చిన్న ఊళ్లకు సూచీ ఎందుకు, అమ్మకాలు తక్కువ గనుక అంకెలు నిలకడగా ఉండవు అనేవాళ్లు ఉన్నారు. నెలవారీ సూచీకి ఆ అభ్యంతరం సరైనదే. ఏడాదికి ఒకసారి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసువారీగా, పేర్లు తీసేసి మధ్యస్థ ధర ప్రకటిస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. పెద్ద నగరంలో కొనేవాడికి నాలుగు వైపుల నుంచి సమాచారం దొరుకుతుంది. మగ్గం మీద సంపాదించిన సొమ్ముతో ఒకే ఒక్క ప్లాటు కొనేవాడికి బ్రోకరు మాట తప్ప మరేమీ లేదు. సూచీ అవసరం అతనికే ఎక్కువ. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఆ సమాచారమంతా ఇప్పటికే కంప్యూటర్లలో ఉంది, కాబట్టి ప్రకటించకపోవడానికి నాకు సబబైన కారణం కనిపించడం లేదు. శాఖ ఆ పని చేసేదాకా కొనేవాళ్లకు నా మాట ఇది: 1975 నుంచి నమోదైన లావాదేవీల ఈసీలు (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) ఇంటర్నెట్‌లోనే దొరుకుతున్నాయి. మీరు కొనబోయే స్థలం, దాని పక్క స్థలాలు ఎప్పుడెప్పుడు ఎంతకు చేతులు మారాయో వరసగా రాసుకోండి. 2017 జూన్, 2023 ఏప్రిల్ తేదీల దగ్గర గీత గీసి, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.