ఆ రెండో దెబ్బ ఎక్కడిది?

"హీల్ ఏదీ? పోయాను!"

హెడ్‌సెట్లలో ట్యాంక్ అరుపు, బాస్ దెబ్బలు కాసే ఆటగాడిది. ఆ తర్వాత మిగతా తొమ్మిది మందీ ఒకరి వెంట ఒకరు నేలకొరిగారు.

2007. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ ఆటలో కరజాన్ కోట. పై అంతస్తులో బాస్ ప్రిన్స్ మాల్కెజార్ హెల్త్ 60 శాతానికి దిగగానే రెండు గొడ్డళ్లు చేతబట్టాడు. అంతదాకా నిలకడగా సాగిన పోరు అక్కడ చెదిరింది. ఇది ఏ ఒక్క జట్టు కథా కాదు. ఆ గదిలో కూలిన ఎన్నో జట్టు దాడుల, అంటే రెయిడ్‌ల, అనుభవం కలిపి అల్లిన రాత్రి ఇది.

"వేస్తూనే ఉన్నాను. అది పడేలోపే నువ్వు పడ్డావు" అంది హీలర్‌గా ఉన్న ప్రీస్ట్.

ఎవరూ నమ్మలేదు. ట్యాంక్ చస్తే తప్పు హీలర్‌దే. రెయిడ్‌లలో దీనికి విచారణ ఉండదు, తీర్పే.

ఒకరు మాత్రం ప్రతి దెబ్బనూ నమోదు చేసే కంబాట్ లాగ్ తెరిచారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండాల్సిన విరామం అందులో లేదు. విరామం తగ్గిన ప్రతిచోటా పై వరసలో ఒకటే మాట: ప్యారీ.

బాస్ మన కత్తిని అడ్డుకుంటే పోయేది ఆ ఒక్క దెబ్బే అనుకుంటాం. కాదు. ఆనాటి నియమం ప్రకారం వాడి తర్వాతి దెబ్బ కూడా ముందుకు జరుగుతుంది. పూర్తి విరామంలో 40 శాతం కోత పడుతుంది. అయితే మిగిలిన సమయాన్ని 20 శాతం కంటే కిందికి దించదు. విరామం 2 సెకన్లనుకుందాం. 0.2 సెకన్ల దగ్గర ఒక ప్యారీ పడితే మిగిలిన 1.8 కాస్తా 1 అవుతుంది. 0.4 దగ్గర ఇంకొకటి పడిందా, మిగిలేది 0.4 సెకన్లే. రెండు సెకన్లకు రావాల్సిన దెబ్బ 0.8కే వచ్చేస్తుంది. ప్రీస్ట్ గ్రేటర్ హీల్‌కు టాలెంట్లు పెట్టినా రెండున్నర సెకన్లు పడుతుంది. ఆమె అబద్ధం చెప్పలేదు.

అసలు దారుణం డాలు దగ్గర జరిగింది. ట్యాంక్‌గా నిలిచిన వారియర్ షీల్డ్ బ్లాక్ అయిదు సెకన్లకోసారి, టాలెంట్ ఉంటే రెండు దెబ్బలకు కాపు కాస్తుంది. బాస్ తొందరపడితే ఆ రెండూ ముందే ఖర్చవుతాయి. మూడోది వట్టి ఒంటిమీద పడుతుంది. అది క్రషింగ్ బ్లో అయితే మామూలు డామేజ్‌కు ఒకటిన్నర రెట్లు. పైగా గొడ్డళ్ల దశలో మాల్కెజార్‌కు థ్రాష్ కూడా ఉంది, అంటే అదనపు దెబ్బలు.

"రోగ్ ఎక్కడున్నాడు?"

కాసేపు మౌనం. "బాస్ పిలిచిన ఇన్‌ఫెర్నల్ మంట నా వైపు పడింది. అందుకని... ముందుకొచ్చాను."

బాస్ తన వెనక నుంచి వచ్చే కత్తిని ప్యారీ చేయలేడు. ఎదురుగా ఉంటే చేస్తాడు. ఆటగాళ్ల లెక్కలో ఆ అవకాశం దాదాపు 14 శాతం. రోగ్ చేతిలో రెండు కత్తులు, రెండూ చకచకా తిరిగేవే. డామేజ్ మీటర్‌లో పైకెక్కాలన్న తపనతో ముందుకొచ్చాక కూడా కొట్టడం ఆపక, అతను బాస్ చేతికి వేగం అరువిచ్చాడు. మంత్రాలు వేసే మేజ్ ఎదురుగా నిలబడినా ఈ బెడద లేదు, స్పెల్‌ను ప్యారీ చేయడం కుదరదు.

రోగ్‌ను వెనక్కి పంపొచ్చు. ట్యాంక్‌ను పంపలేం. వాడు ఎదురుగానే నిలబడాలి, బాస్ చూపు తన మీదే ఉండేలా కొడుతూనే ఉండాలి, తనను చంపే దెబ్బను తనే తొందరపెట్టాలి. 2007 నవంబరులో 2.3 ప్యాచ్‌తో ఎక్స్‌పర్టీజ్ అనే గుణం వచ్చాక ఈ చిక్కు కొంత సడలింది: ఒక్కో పాయింట్‌కు బాస్ డాడ్జ్, ప్యారీ అవకాశాలు 0.25 శాతం చొప్పున తగ్గేవి. దాడి కోసం పెట్టిన గుణం రక్షణగా కూడా పనికొచ్చింది. స్టామినా అంకె ఒక్కటే చూసి కవచం ఎంచుకునేవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడుపడేది కాదు.

ఒకడి అడుగు తప్పితే ఇంకొకడు చచ్చే నియమం న్యాయమా అంటే, నా మటుకు న్యాయమే. పదిమంది ఆట అంటే అదే. శిక్ష ఎందుకు పడిందో తెరమీద కనిపించకపోవడమే అన్యాయం. ఆట తయారీదారు బ్లిజార్డ్ మాత్రం 2010లో కాటక్లిజమ్ విస్తరణ నాటికి ఈ ప్యారీ వేగాన్ని ఎత్తేసింది. 2021లో ఆ పాత ఆటను తిరిగి తెచ్చిన బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్‌తో మాల్కెజార్ మళ్లీ గొడ్డళ్లు పట్టాడు.