గడ్డికోత యంత్రము - దాని చప్పుడు

వానలు పడగానే పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములో కర్మాగారముల గోడల వెంట, బడి ఆవరణలలో గరిక, తుంగ, వయ్యారిభామ ఏపుగా పెరుగును. వాటిని కోయుటకు పెట్రోలు యంత్రము నడిపినచో తరగతిలో ఉపాధ్యాయుని మాట వినబడదు. గడ్డికోతకు ఇంత చప్పుడు అవసరమా? ఆ యంత్రపు చరిత్రయే దీనికి సమాధానము చెప్పును.

మొదట ఉన్నది కొడవలి. 1830లో ఇంగ్లండునందు ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రకారుడు తొలి గడ్డికోత యంత్రమునకు పేటెంటు పొందెను. ఉన్ని గుడ్డపై లేచిన నూగును సమముగా కత్తిరించు మిల్లు యంత్రమే దీనికి నమూనా. దానిని మనిషియే త్రోసెడివాడు. ఇంజను లేదు, ఇంజను మ్రోత లేదు. పెట్రోలు ఇంజను తోడైనది 20వ శతాబ్ది ఆరంభమున. 1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున జార్జి బల్లాస్, కార్లు కడుగు యంత్రములో గిరగిర తిరుగు కుచ్చులను చూచి, కత్తికి బదులు నైలాను దారముతో కోయు పనిముట్టును రూపొందించెను.

అనగా కోయునది కత్తి లేదా దారము. ఎక్కువగా మ్రోయునది ఇంజను. టూ-స్ట్రోక్ ఇంజను నిమిషమునకు 6,000 సార్లు తిరిగినచో, సెకనుకు 100 సార్లు ఇంధనము లోపల భగ్గుమనును. విద్యుత్ మోటారులో ఈ దహనము లేదు. అయస్కాంత క్షేత్రమే ఇరుసును త్రిప్పును. పటాన్‌చెరు చెంతనే, రామచంద్రాపురములోని భెల్ కర్మాగారమున తయారగు జనరేటర్లకూ మూలసూత్రమిదే: అక్కడ తిరుగుట వలన విద్యుత్తు పుట్టును, ఇక్కడ విద్యుత్తు వలన తిరుగుట కలుగును. 1991లో లిథియం-అయాన్ బ్యాటరీ అంగడికి వచ్చిన పిదప, క్రమముగా ఈ పనిముట్లకు తీగ బంధము కూడ తొలగెను. అయినను కత్తి గాలిని చీల్చు చప్పుడు మిగులును.

యంత్రము కొనునపుడు దానిపై వ్రాసిన డెసిబెల్ అంకె చూడవలెను. 10 డెసిబెల్‌లు తగ్గినచో ధ్వనిశక్తి పదవ వంతగును. 85 డెసిబెల్‌ల చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి పనిచేయరాదనియు, ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ కాలము సగమగుననియు నిపుణుల సూచన. ఆ లెక్కన 94 వద్ద ఒక్క గంటయే. పెట్రోలు యంత్రము నడుపువాని చెవి దగ్గర చప్పుడు తరచు 90 దాటును.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము పగటివేళ పారిశ్రామిక ప్రాంతమునకు పరిమితి 75 డెసిబెల్‌లు. పాఠశాలల వంటి నిశ్శబ్ద మండలములకు 50 మాత్రమే. కర్మాగారముల నడుమనున్న బడికి ఈ తేడా విలువైనది. విద్యుత్ యంత్రమైనను పాఠములు లేని వేళ నడుపుట మేలు. చిన్న పెరడుకు పదునైన కొడవలి చాలును. కోసిన గడ్డి మరల మొలచును. చెవి లోపల దెబ్బతిన్న శ్రవణకణములు మరల మొలవవు.